అక్షరానికి రూపం దిద్దిన సత్యజిత్ రే

పోటీ పరీక్షలకు చదివే ప్రతి విద్యార్థికీ సత్యజిత్ రే పేరు తెలుసు. పథేర్ పాంచాలి దర్శకుడు, 1992లో ఆస్కార్ గౌరవ పురస్కారం, అదే సంవత్సరం భారతరత్న. ఈ మూడు సమాధానాలు మేమందరం బట్టీ పట్టినవే. అయితే సినిమాలు తీయకముందు ఆయన 13 ఏళ్లపాటు ఒక ప్రకటనల కంపెనీలో బొమ్మలు వేస్తూ, అక్షరాలు దిద్దుతూ జీతం తీసుకున్నారని, ప్రపంచ ప్రఖ్యాతి వచ్చిన తర్వాత కూడా తన సినిమాల పోస్టర్ల మీద అక్షరాలు తన చేత్తోనే రాసుకున్నారని, ఇంగ్లీషు లిపికి నాలుగు ఫాంట్లు తయారు చేశారని చాలామందికి తెలియదు. ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన జీవితంలోని ఆ భాగాన్ని మిత్రులకు పరిచయం చేయాలని అనుకున్నాము.

అక్షరాలు బాగా రాసేవాడికి హాస్టల్లో ఎంత విలువ ఉంటుందో వేరే చెప్పనవసరం లేదు. వార్షికోత్సవం వచ్చిందంటే బ్యానరు ఎవరు రాయాలి, గోడపత్రికకు శీర్షిక ఎవరు దిద్దాలి అనేది మొదటి ప్రశ్న. మార్కులు తక్కువ వచ్చినా చేతిరాత బాగున్న తమ్ముడిని ఆ వారం రోజులు అందరూ వెతుక్కుంటూ వస్తారు. ఆ పనిని చిన్నదిగా చూడని ఒక గొప్ప మనిషి కథ ఇది.

ప్రెస్సు ఉన్న ఇల్లు

సత్యజిత్ రే 1921 మే 2న కలకత్తాలో జన్మించారు. ఆయన తాతగారు ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి రచయిత, చిత్రకారుడు. అన్నిటికీ మించి అచ్చు పని లోతుగా తెలిసిన మనిషి. ఫోటోను సన్నని చుక్కలుగా విడగొట్టి కాగితం మీద ముద్రించే హాఫ్‌టోన్ పద్ధతిపై ఆయన చేసిన పరిశోధనలు లండన్ ముద్రణా పత్రికల్లో వచ్చాయి. యు. రే అండ్ సన్స్ అనే ప్రెస్సును ఆయనే స్థాపించారు. పిల్లల కోసం 1913లో ‘సందేశ్’ అనే పత్రిక ప్రారంభించారు. తండ్రి సుకుమార్ రే ఇంగ్లాండు వెళ్లి ముద్రణా విద్య చదువుకుని వచ్చారు. బెంగాలీ పిల్లలందరికీ తెలిసిన హాస్య గేయాలు రాసి, వాటికి బొమ్మలు కూడా తానే వేశారు.

ఇల్లు, ప్రెస్సు ఒకే భవనంలో ఉండేవి. అచ్చు అక్షరాలు పేర్చేవారిని, బ్లాకులు తయారు చేసేవారిని చూస్తూ ఆ పిల్లవాడు పెరిగాడు. కానీ ఆ వైభవం ఎక్కువ కాలం నిలవలేదు. 1923లో సుకుమార్ రే కాలా అజార్ జ్వరంతో మరణించారు. అప్పటికి సత్యజిత్ వయస్సు రెండున్నరేళ్లు కూడా నిండలేదు. మరికొన్నాళ్లకు వ్యాపారం దెబ్బతిని ప్రెస్సు చేతులు మారింది. సొంత ఇల్లు వదిలి తల్లి సుప్రభ కొడుకును తీసుకుని తన అన్నదమ్ముల ఇంటికి చేరింది. వితంతు స్త్రీలకు చేతిపనులు నేర్పే సంస్థలో ఉద్యోగం చేస్తూ కొడుకును చదివించింది. ఎంత పెద్ద ఇంటి కోడలైనా కష్టం వచ్చినప్పుడు చేతిపనే ఆమెను నిలబెట్టింది.

కుంచె పట్టడం నేర్చిన చోటు

ప్రెసిడెన్సీ కాలేజీలో అర్థశాస్త్రంలో బి.ఎ. పూర్తి చేసిన తర్వాత 1940లో తల్లి కోరిక మీద ఆయన శాంతినికేతన్‌లోని కళాభవన్‌లో చేరారు. మొదట్లో ఆయనకు అక్కడికి వెళ్లడం ఇష్టం లేదు. కానీ అక్కడ దొరికిన ఇద్దరు గురువులు ఆయన చూపునే మార్చేశారు. ఒకరు నందలాల్ బోస్, మరొకరు బినోద్ బిహారీ ముఖర్జీ. చైనా, జపాన్ దేశాల్లో కుంచెతో అక్షరం రాయడం చిత్రలేఖనంతో సమానమైన కళ. కుంచె ఎక్కడ నొక్కాలి, ఎక్కడ తేల్చాలి, ఎక్కడ ఆపాలి అన్న దానిలోనే అక్షరం అందం ఉంటుంది. ఆ పాఠం సత్యజిత్ రేకు శాంతినికేతన్‌లో అబ్బింది. అక్కడ ఉన్న రోజుల్లోనే అజంతా, ఎల్లోరా, ఎలిఫెంటా గుహలను చూసి వచ్చి మన దేశపు కళ ఎంత గొప్పదో గ్రహించారు.

బినోద్ బిహారీ ముఖర్జీ ఆ తర్వాత పూర్తిగా చూపు కోల్పోయారు. అయినా కళను వదలలేదు. ఆ గురువు మీద సత్యజిత్ రే 1972లో ‘ది ఇన్నర్ ఐ’ అనే డాక్యుమెంటరీ తీసి గురుభక్తి చాటుకున్నారు.

నెలకు 80 రూపాయలు

కళాభవన్‌లో కోర్సు పూర్తి చేయకుండానే 1942 చివరలో ఆయన కలకత్తా తిరిగి వచ్చారు. 1943లో డి.జె. కీమర్ అనే బ్రిటిష్ ప్రకటనల కంపెనీలో జూనియర్ విజువలైజర్‌గా చేరారు. జీతం నెలకు 80 రూపాయలు. ప్రకటన ఎలా ఉండాలో, బొమ్మ ఎక్కడ రావాలో, అక్షరాలు ఏ పరిమాణంలో ఉండాలో గీసి చూపించడం విజువలైజర్ పని. ఒకే ఆఫీసులో తెల్లవారికి ఒక జీతం, మనవారికి మరొక జీతం. ఆ తేడా లోపల గుచ్చుకుంటున్నా ఆయన పనిలో మాత్రం ఏ లోటూ రానివ్వలేదు. కొన్నేళ్లలోనే ఆర్ట్ డైరెక్టర్ స్థాయికి ఎదిగారు.

అప్పటివరకు మన దేశంలో ప్రకటనలు ఇంగ్లీషు పత్రికల నమూనాలోనే ఉండేవి. ఆ కంపెనీలోని అన్నదా మున్షీ వంటి పెద్దల బాటలో నడుస్తూ సత్యజిత్ రే బెంగాలీ ముగ్గులను, జానపద బొమ్మల గీతలను, బెంగాలీ చేతిరాతను ప్రకటనల్లోకి తెచ్చారు. సరుకు ఎవరిదైనా అక్షరం మనదిగా ఉండాలని ఆయన పట్టుదల.

పుస్తకం అట్ట మీద కథ

అదే 1943లో డి.కె. గుప్తా సిగ్నెట్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థను ప్రారంభించి, పుస్తకాలకు అట్టలు వేసే పనిని సత్యజిత్ రేకు అప్పగించారు. అక్కడ ఆయనకు పూర్తి స్వేచ్ఛ దొరికింది. నెహ్రూ గారి ‘డిస్కవరీ ఆఫ్ ఇండియా’, జీవనానంద దాస్ కవితా సంపుటి ‘వనలతా సేన్’ వంటి పుస్తకాలకు ముఖచిత్రాలు ఆయనవే.

వాటిలో ఒక అట్ట గురించి తప్పక చెప్పాలి. జిమ్ కార్బెట్ రాసిన ‘మ్యాన్ ఈటర్స్ ఆఫ్ కుమావూన్’ మనుషులను తినే పులుల వేట గురించిన పుస్తకం. ఇంకొకరైతే నోరు తెరిచిన పులి బొమ్మ వేసేవారు. సత్యజిత్ రే అట్ట మొత్తాన్ని పులి చర్మం చారలతో నింపారు. ముందు అట్ట మీద తూటా దిగిన చిన్న రంధ్రం, వెనక అట్ట మీద అదే తూటా బయటికి వచ్చిన పెద్ద రంధ్రం. అంటే పుస్తకమే పులి, చదివేవాడి చేతిలో ఉన్నది దాని చర్మం. తూటా లోపలికి పోయేటప్పుడు గాయం చిన్నదిగా, బయటికి వచ్చేటప్పుడు పెద్దదిగా ఉంటుందనే సంగతిని కూడా ఆయన మరచిపోలేదు.

బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ నవల ‘పథేర్ పాంచాలి’ని పిల్లల కోసం కుదించి సిగ్నెట్ ప్రెస్ ప్రచురించినప్పుడు దానికి బొమ్మలు వేసింది కూడా ఆయనే. ఆ బొమ్మలు వేస్తున్నప్పుడే ఈ కథను సినిమా తీయాలనే ఆలోచన మొలకెత్తింది. 1950లో కంపెనీ పని మీద లండన్ వెళ్లి, అక్కడ ‘బైసికిల్ థీవ్స్’ అనే ఇటలీ సినిమా చూశాక ఆ ఆలోచన గట్టిపడింది. 1952లో షూటింగు మొదలైంది. ఉద్యోగం మానకుండా సెలవు రోజుల్లోనే తీశారు. డబ్బు చాలక మధ్యలో ఆగిపోయింది. ఇన్సూరెన్స్ పాలసీ తాకట్టుకు పోయింది, భార్య నగలు తాకట్టుకు పోయాయి. చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం డబ్బు ఇచ్చి ఆదుకోగా 1955లో సినిమా విడుదలైంది. 1956లో కాన్స్ చలనచిత్రోత్సవంలో పురస్కారం అందుకుంది. ఆ తర్వాతనే ఆయన ఉద్యోగానికి రాజీనామా చేశారు.

పోస్టరు కూడా దర్శకుడిదే

దర్శకుడైన తర్వాత సత్యజిత్ రే కుంచెను పక్కన పెట్టలేదు. ప్రతి సినిమాకు ఎర్ర గుడ్డ అట్ట వేసిన పద్దుల పుస్తకాల్లో సన్నివేశాలను, దుస్తులను, సెట్లను బొమ్మలుగా గీసుకునేవారు. టైటిళ్లు ఆయనే రాసేవారు. పోస్టర్లు ఆయనే వేసేవారు. కథ మారితే అక్షరం రూపం మారాలి అన్నది ఆయన పద్ధతి. పల్లెటూరి కథకు రాసిన అక్షరం నగరం కథకు పనికిరాదు. 1969లో పిల్లల కోసం తీసిన ‘గూపీ గాయెన్ బాఘా బాయెన్’కు రాసిన ఉల్లాసమైన అక్షరాలు, కోడలిని దేవతగా మార్చి బలి చేసిన మూఢనమ్మకం మీద 1960లో తీసిన ‘దేవి’కి నప్పవు.

ఈ విద్యలో ఆయన ఎంత దూరం వెళ్లారో చెప్పడానికి ‘ఏక్షణ్’ అనే బెంగాలీ సాహిత్య పత్రిక ఒక్కటి చాలు. 1961లో మొదలైన ఆ పత్రిక సంపాదకుల్లో నటుడు సౌమిత్ర ఛటర్జీ ఒకరు. దాని ముఖచిత్రాలు సత్యజిత్ రే వేసేవారు. బెంగాలీలో ఆ పేరు మూడే అక్షరాలు. ముఖచిత్రం మీద ఇంకే బొమ్మా అక్కర్లేకుండా ఆ మూడు అక్షరాలనే సంచిక సంచికకూ కొత్త రూపంలో రాశారు. ఒకసారి లావుగా, ఒకసారి సన్నగా, ఒకసారి అట్టంతా నిండేలా, ఒకసారి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుగా. అవే మూడు అక్షరాలు, కానీ ఎప్పటికప్పుడు కొత్త ముఖం. తాతగారు పెట్టిన ‘సందేశ్’ పత్రిక ఆగిపోయి ఉంటే 1961లోనే దాన్ని తిరిగి ప్రారంభించి, దాని పేరును కూడా ఇలాగే రకరకాలుగా దిద్దారు.

మన తెలుగువారి ఇళ్లలోకి, మన లైబ్రరీల్లోకి కూడా ఆయన గీత వచ్చింది. సాహిత్య అకాడమీ ప్రచురించిన తెలుగు పుస్తకం ఏదైనా తీసి చూడండి. దాని మీద ఉన్న అకాడమీ చిహ్నాన్ని రూపొందించింది సత్యజిత్ రే.

నాలుగు ఫాంట్లు

ఇంగ్లీషు లిపికి ఆయన తయారు చేసిన నాలుగు ఫాంట్లు రే రోమన్, రే బిజార్, డాఫ్నిస్, హాలిడే స్క్రిప్ట్. వీటిలో రే రోమన్, రే బిజార్ 1971లో అంతర్జాతీయ పోటీలో బహుమతి పొందాయి. బిజార్ అంటే వింత అని, హాలిడే అంటే సెలవు రోజు అని అర్థం. పేర్లలోనే వాటి స్వభావం తెలుస్తుంది.

ఇక్కడ ఫాంట్ల గురించి ఒక సంగతి చెప్పుకోవాలి. ఫాంట్లు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది పుస్తకం లోపలి పేజీల్లో వాడేది. అది కంటికి అడ్డు రాకూడదు. చదివేవాడు అక్షరాన్ని మరచిపోయి విషయంలో మునిగిపోవాలి. రెండవది శీర్షికలకు, పోస్టర్లకు, అట్టలకు, బోర్డులకు వాడేది. దీన్ని డిస్‌ప్లే ఫాంట్ అంటారు. ఇది దారిన పోయేవాడిని ఆపాలి. విషయం చదవకముందే అది పెళ్లా, ఉద్యమమా, హాస్యమా, విషాదమా అన్నది దాని వంపులోనే తెలిసిపోవాలి. చేత్తో గీసిన అక్షరాలు దీనికి బాగా నప్పుతాయి. ఎందుకంటే వాటిలో చెయ్యి కదిలిన జాడ ఉంటుంది. అయితే ఇలాంటి అక్షరాలతో పేజీలకు పేజీలు నింపితే పది లైన్లకే కళ్లు అలసిపోతాయి. కూరలో కారంలా దాన్ని అవసరమైనంత వరకే వాడాలి.

ఒక సినిమా పేరు రాయడానికి, ఒక ఫాంటు తయారు చేయడానికి చాలా తేడా ఉంది. సినిమా పేరులో నాలుగైదు అక్షరాలు ఉంటాయి. అవి ఒకదానితో ఒకటి పొసిగితే చాలు. ఫాంటులో అయితే ఏ అక్షరం పక్కన ఏ అక్షరం వచ్చి కూర్చుంటుందో ముందుగా తెలియదు. ప్రతి అక్షరాన్నీ విడిగా గీయాలి, అయినా అన్నీ ఒకే తల్లి పిల్లల్లా కనిపించాలి. ఇంగ్లీషులో పెద్ద బడి 26, చిన్న బడి 26, అంకెలు, గుర్తులు కలిపితే పని ముగుస్తుంది. మన భారతీయ లిపుల్లో అలా కాదు. బెంగాలీలో సంయుక్తాక్షరాలు ఉన్నాయి. మన తెలుగులో తలకట్టు దగ్గర నుంచి గుణింతాలు, వత్తులు ఉన్నాయి. వందల రూపాలు గీస్తే గాని ఒక ఫాంటు పూర్తి కాదు. అందుకే మన లిపుల్లో చేతిరాత ఫాంట్లు రావడానికి చాలా కాలం పట్టింది. తెలుగులో చిత్రకారుడు బాపు గారి చేతిరాత ఫాంటుగా మారి పెళ్లి శుభలేఖల మీద, పత్రికల శీర్షికల్లో కనిపిస్తోంది. సిలికానాంధ్ర ద్వారా ఉచితంగా అందిన ధూర్జటి, రవిప్రకాష్ వంటి యూనికోడ్ ఫాంట్లను నేడు ఎవరైనా వాడుకోవచ్చు.

అక్షరం అందనివారి కథ

సత్యజిత్ రే జీవితం రాస్తూ మేము ఒక విషయం దాటిపోలేము. ఆయన తండ్రిని, ఆస్తిని పోగొట్టుకున్నారు గాని అక్షరాన్ని పోగొట్టుకోలేదు. ఆయన తాతకు ప్రెస్సు ఉంది. మాలో చాలామంది తాతలకు సంతకం కూడా రాదు. మా ఇళ్లలో రేషన్ కార్డు అర్జీ రాసింది, బ్యాంకు ఫారం నింపింది, అమ్మానాన్నలకు వేలిముద్ర మాన్పించి సంతకం దిద్దించింది మొదట మేమే. కాబట్టి ఆయన బతుకూ మా బతుకూ ఒకటే అని చెప్పుకుంటే అది అబద్ధం అవుతుంది.

కానీ అక్షరం ఎవరి చేతుల్లో చిక్కుకుపోయిందో ఆయనకు తెలుసు. 1981లో దూరదర్శన్ కోసం ప్రేమ్‌చంద్ కథ ఆధారంగా ఆయన హిందీలో ‘సద్గతి’ తీశారు. తోలు పని చేసే కులానికి చెందిన దుఃఖి తన కూతురి నిశ్చితార్థానికి ముహూర్తం పెట్టించుకోవడానికి పంతులు ఇంటికి వెళతాడు. పంచాంగం చదవగలిగినవాడు పంతులే కాబట్టి అతడు చెప్పిన చాకిరీ అంతా చేయాలి. జ్వరం నుంచి లేచిన మనిషి ఖాళీ కడుపుతో ఎండలో మొద్దు చీలుస్తూ అక్కడే ప్రాణం వదులుతాడు. శవాన్ని ముట్టుకుంటే మైల అని చివరికి పంతులు తాడు కట్టి ఈడ్చుకుపోతాడు. ఓం పురి, స్మితా పాటిల్ నటించిన ఈ చిత్రంలో ఉపన్యాసాలు లేవు. అయినా చూసినవారికి ఆ రాత్రి నిద్ర పట్టదు.

దానికి ముందు ఏడాది, 1980లో పిల్లల కోసం తీసిన ‘హీరక్ రాజార్ దేశే’లో ఒక నిరంకుశ రాజు బడి మూయించి పుస్తకాలు తగలబెట్టిస్తాడు. చదువుకున్న ప్రజలంటే అతనికి భయం. చివరికి బడిపంతులు, పిల్లలు కలిసి ఆ రాజు విగ్రహాన్ని కూలదోస్తారు. మన హాస్టల్ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ రెండు సినిమాలు తప్పక చూడాలి. వీలైతే హాస్టల్లో ఒక ఆదివారం అందరం కలిసి చూసే ఏర్పాటు చేసుకోవాలి.

చివరి రోజులు

1983లో గుండెపోటు వచ్చిన తర్వాత ఆయన ఆరోగ్యం దెబ్బతిన్నది. 1984లో వచ్చిన ‘ఘరే బైరే’ని కుమారుడు సందీప్ రే సాయంతో పూర్తి చేశారు. చివరి చిత్రం ‘ఆగంతుక్’ 1991లో వచ్చింది. 1992లో ఆస్కార్ గౌరవ పురస్కారాన్ని ఆసుపత్రి మంచం మీదే అందుకున్నారు. అదే సంవత్సరం ఏప్రిల్ 23న కన్నుమూశారు.

మనం నేర్చుకోవలసింది

సత్యజిత్ రే నుంచి మేము నేర్చుకున్నవి మూడు. మొదటిది, 80 రూపాయల జీతానికి చేసిన పని కూడా ఆయనకు బడి అయింది. పార్ట్ టైం చేస్తూ చదువుకునే మన మిత్రులు దీన్ని గుర్తుంచుకోవాలి. డి.టి.పి. సెంటర్లో కూర్చున్నా, జిరాక్స్ షాపులో నిలబడినా అక్కడ నేర్చుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. రెండవది, ఆయన ప్రతిభ గాలిలో నుంచి రాలేదు. కుంచె పట్టడం ఒకచోట, అచ్చు పద్ధతి ఒకచోట, చూడటం ఒకచోట నేర్చుకున్నారు. మూడవది, పెద్దవాడైన తర్వాత కూడా చేతిపనిని చిన్నతనంగా భావించలేదు.

ఫ్లెక్సీలు వచ్చాక మన ఊళ్లలో గోడల మీద, గుడ్డ బ్యానర్ల మీద రాసి బతికిన పెయింటర్లకు పని తగ్గిపోయింది. కంప్యూటరులో పది నిమిషాల్లో బ్యానరు తయారవుతుంది గనుక చేతిరాత దండగ అని కొందరు అంటారు. కానీ ఆ కంప్యూటరులో ఉన్న ప్రతి అక్షరాన్నీ ఒకప్పుడు ఎవరో ఒక మనిషి గీశాడు. ఆ గీసేవారిలో మనవాళ్లు ఎందుకు ఉండకూడదు? అచ్చు అక్షరం మన గడపలోకి ఆలస్యంగా వచ్చింది. వచ్చిన దాన్ని చదవడంతో ఆగిపోకుండా, దాని రూపం ఎలా ఉండాలో చెప్పే స్థానానికి కూడా మనం చేరాలి.

అందుకు పెద్ద ఖర్చేమీ లేదు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పాత నోటు పుస్తకం వెనక పేజీలో ‘అ’ అనే ఒక్క అక్షరాన్ని ఇరవై రకాలుగా రాసి చూడండి. ఒకటి కోపంగా, ఒకటి నవ్వుతూ, ఒకటి నడిచి వస్తున్నట్టు. తర్వాత మీ ఊరి పేరు రాయండి. ఆ పేరు చూడగానే అది మెట్ట ఊరో, ఏటి ఒడ్డు ఊరో తెలిసేలా ఉందేమో పక్కవాడిని అడగండి. వచ్చే ఏడాది ఈ సంచిక ముఖచిత్రం మీద పేరును మనలో ఒకరు చేత్తో దిద్దాలని, అందుకు ఇప్పటి నుంచే సాధన మొదలుపెట్టాలని మా కోరిక. ఎవరి అక్షరం బాగుంటే వారిదే వేద్దాం. ఏ తరగతి అని చూడవద్దు.

– పూర్వ విద్యార్థి, ఎం.ఎ.